మూడో బిడ్డ బిల్లు

శాసనసభలో బిల్లు పాసయ్యేసరికి జయంతి ఇంకా చాయ్ వడపోస్తూనే ఉంది. టీవీలో మంత్రిగారు లేచి ఏదో చదివారు. ప్రతిపక్షం వాళ్లు అప్పటికే అలిగి బయటికి నడిచారు. మిగిలినవాళ్లు బల్లలు చరిచారు. మూజువాణి ఓటు, అంతే. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను కూరలో కరివేపాకులా తీసి పక్కన పడేశారు. తొమ్మిదేళ్ల కిందట ఆ కరివేపాకు కోసమే ఆమె ఒళ్లోని పిల్లను తీసుకెళ్లి ఇంకొకరి ఒళ్లో పెట్టారు.

ఆమె భర్త రంగనాథ్‌ది తెల్లాపూర్ అవతల ఒక చిన్న మున్సిపాలిటీ. వాళ్ల నాయన జొన్నలు పండించిన చేలల్లో ఇప్పుడు అద్దాల టవర్లు లేచాయి. చేలు అమ్మాక రంగనాథ్‌కు పని లేకుండా పోయింది. పని లేని మనిషికి ప్రజాసేవ గుర్తుకొచ్చింది. కౌన్సిలర్‌గా నిలబడదామని తెల్లచొక్కాలు కుట్టించుకున్న రోజుల్లోనే, ఇద్దరు కొడుకుల తర్వాత, జయంతికి ఆడపిల్ల పుట్టింది. రసజ్ఞ అని ముచ్చటపడి పేరు పెట్టుకుంది.

"ముగ్గురైతే నామినేషన్ కొట్టేస్తరన్నా," అన్నాడు రామచంద్రం. రంగనాథ్ వెంట తిరుగుతూ అడిగినా అడక్కపోయినా సలహాలిచ్చే మనిషి అతను. "వదిన చెల్లెకు పిల్లలు లేరు గద. దత్తత ఇచ్చేయుండ్రి. పేపర్ల మీదనే."

"బిడ్డ యాడికి పోతది జయంతీ? హఫీజ్‌పేట్ అంటే మన పక్కనే. ఫికర్ చేయకు," అన్నాడు రంగనాథ్.

పేపర్ల మీదనే అన్నది కాస్తా, ఎదుటి పార్టీ వాళ్లు కనిపెడతారన్న భయంతో ఉయ్యాలతో సహా హఫీజ్‌పేట్‌లో చెల్లెలింటికి చేరింది. తీరా నామినేషన్ వేస్తే అధికారి కొట్టేశాడు. ఎంతమందిని పెంచుతున్నారని కాదట, ఎంతమందిని కన్నారని చూస్తుందట చట్టం! బిడ్డా పోయింది, పదవీ పోయింది. పోనీ అప్పుడైనా పిల్లను వెనక్కి తెచ్చుకుందామంటే, ఓటమి ఒప్పుకున్నట్టు ఉంటుందని రంగనాథ్ మీసం అడ్డం వచ్చింది. జయంతి ఏడ్చింది. ఏడవడం తప్ప ఇంకేమీ చేయలేదు. కన్న కూతురు చెల్లెల్ని అమ్మా అని, తనను పెద్దమ్మా అని పిలుస్తుంటే నవ్వుతూ పలకడం నేర్చుకుంది.

ఇప్పుడు చట్టం పోయింది. రంగనాథ్ గదిలోంచి పరుగున వచ్చాడు.

"చూసినవా? ఇగ మన బిడ్డ మనకే!"

జయంతికి కళ్లు చెమ్మగిల్లాయి. మనిషి మారాడనుకుంది. ఆ అనుకోవడాన్ని కాసేపైనా నిలవనివ్వలేదు అతను.

"లీడర్లందరు గిప్పుడు పిల్లల్ని ఎక్కువ కనుండ్రని చెప్తుండ్రు. ముగ్గురు పిల్లల తండ్రంటే ఏం ఇజ్జత్ అనుకుంటున్నవ్! ఆ టవర్లల్ల సాఫ్ట్‌వేరోళ్లు ఒక్క పిల్లను, ఒక్క కుక్కను పెట్టుకొని ఉంటరు. వాళ్లకు నేను ఆదర్శం!"

మర్నాటికల్లా ఆదర్శం ఫ్లెక్సీ మీదికి ఎక్కింది. 'ముగ్గురు బిడ్డల తండ్రి, ముందుచూపున్న నాయకుడు, మన రంగన్న!' మధ్యలో దండం పెడుతూ అతను, పక్కన జయంతి, ఇటు కొడుకులు, అటు రసజ్ఞ. జయంతి చెల్లెలు సుచరిత వాట్సాప్‌లో పెట్టుకున్న పుట్టినరోజు ఫొటోలోంచి పిల్లను కత్తిరించి అతికించారు. పక్కనున్న సుచరితను తీసేశారు గానీ, పిల్ల భుజం మీద ఆమె వేసిన చేయి తీయడం ఎవరి వల్లా కాలేదు. మనిషి లేని చేయి ఒకటి, గాజులతో సహా, ఆ భుజం పట్టుకుని ఉండిపోయింది.

ఆ ఫ్లెక్సీని చుట్టి కారులో వేసుకుని, మరదలికి చూపించి సంతోషపెడదామని, పనిలో పనిగా పిల్లను తెచ్చేసుకుందామని, అదే సాయంత్రం భార్యను తీసుకుని హఫీజ్‌పేట్ వెళ్లాడు. హాల్లో పరిచి చూపించాడు కూడా. సుచరిత తన చేతిని తాను చూసుకుంది. లోపలికి వెళ్లి పిల్ల గౌన్లు బ్యాగులో సర్దడం మొదలుపెట్టింది.

"బావ మాట కాదంటె నువ్వు నడుమ నలుగుతవు గద అక్కా," అంది చివరికి, తల ఎత్తకుండా. "దానికి చపాతీ అంచులు తీసి పెట్టు. అంచులుంటె తినదు."

ఆ సంగతి జయంతికి తెలియదు. కన్నది తనే, తెలియనిదీ తనే.

రసజ్ఞ సోఫాలో బాసింపట్టు వేసుకుని అంతా చూస్తోంది. ఏ చట్టం వల్ల పిల్ల ఇక్కడికి వచ్చిందో, ఏ చట్టం వల్ల ఇప్పుడు వెళ్లాలో రంగనాథ్ ఉపన్యాసంలా చెప్పాడు. శ్రద్ధగా విన్నది.

"పెద్దనాన్నా, ఆ చట్టం మళ్ల మారితే నన్ను మళ్ల ఇక్కడ దించుతరా?"

రంగనాథ్ నవ్వబోయాడు. ఆ నవ్వు పూర్తికాకముందే ఫోన్ మోగింది. రామచంద్రం గొంతు గదంతా వినిపించింది.

"అన్నా, కొంప మునిగింది! ఇయ్యాల ఇంకో బిల్లు పాస్ చేసిండ్రు. చుట్టుపక్కల మున్సిపాలిటీలన్ని సిటీల కలిపేసిండ్రట. మన మున్సిపాలిటీయే లేదు, ఇగ కౌన్సిలర్ యాడుంటడు? సిటీల కార్పొరేటర్ సీటంటే మనకెవరిస్తరు?"

రంగనాథ్ సోఫాలో కూలబడ్డాడు. నిన్న పోటీ చేయడానికి అర్హత ఇచ్చిన సభే, ఇవాళ పోటీ చేయాల్సిన సీటును మింగేసింది. తర్వాత గొంతు సవరించుకుని, పిల్లల మీద ఎక్కడలేని ప్రేమ తెచ్చుకున్నాడు.

"స్కూల్ నడుస్తుంది గద సుచరితా. నడుమల తీస్కపోతె పిల్ల పరేషాన్ అయితది. ఎండకాలం సెలవులల్ల చూద్దాం తీ."

ఈసారి జయంతి ఏడవలేదు. ఒళ్లంతా మండిపోయింది. అతని మీద ఎంత మండిందో, ఇన్నేళ్లూ అసెంబ్లీ వైపు చూస్తూ కూర్చున్న తన మీద అంతకంటే ఎక్కువ మండింది. బిడ్డను చేతులు చాచి అడగాల్సింది ఈ ఇంట్లో, ఎదురుచూసింది టీవీ ముందు.

లేచి వెళ్లి సుచరిత చేతిలోంచి బ్యాగు తీసుకుంది. గౌన్లు ఒక్కొక్కటే తీసి, మడతలు సరిచేసి, బీరువాలో ఉన్నచోటనే పెట్టింది.

"ఎన్ని చట్టాలన్న మారనీ బిడ్డా," అంది, రసజ్ఞ ముందు మోకాళ్ల మీద కూర్చుని. "నిన్ను ఎవ్వరు ఎక్కడికి తీస్కపోరు, ఎక్కడ దించరు. ఇది నీ ఇల్లు. నేనే వస్తుంట."

"సరే పెద్దమ్మా," అంది పిల్ల. ఆ మాట ఎప్పటిలాగే గుచ్చుకుంది. అయినా జయంతి దాన్ని దిద్దలేదు.

"నువ్వు పో," అంది భర్తతో. "నేను రైలెక్కి వస్త."

అతను వెళ్లిపోయాడు. ఎన్నికే లేని ఫ్లెక్సీ ఎందుకనుకున్నాడేమో, దాన్ని అక్కడే వదిలేశాడు.

తర్వాతి ఆదివారం జయంతి రైలు దిగి హఫీజ్‌పేట్ వెళ్లేసరికి సుచరిత డాబా మీద మినప వడియాలు పెడుతోంది. కింద పరిచింది ఆ ఫ్లెక్సీయే. గట్టి సరుకు, వడియాలకు దానికి మించింది దొరకదు. దండం పెడుతున్న రంగనాథ్ ముఖం మీద, మీసం కూడా కనిపించకుండా, వరసలుగా వడియాలు ఎండుతున్నాయి. ముందుచూపు మీదా ఎండుతున్నాయి. ఓ మూల మాత్రం పిండి చుక్క పడలేదు.

పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది రసజ్ఞ.

"పెద్దమ్మా, నీ మీద పెట్టలే, నా మీద పెట్టలే," అంది. "అమ్మ చెయ్యి మీద కూడ పెట్టలే."