మసి తిప్పుడు

బొట్టుబిళ్ల ఒక పట్టాన ఊడి రాలేదు. ఓబయ్య చూపుడువేలి గోటితో గీకి, ఉఫ్‌మని ఊది, మళ్లీ గీకాడు. స్టీరింగు వెనకాల, స్పీడు ముల్లు పక్కన ఎవరో అంటించిన ఎర్రబిళ్ల అది. ఊడి వచ్చాక దాని కింద పసుపుపచ్చ దీపం బయటపడింది. చిన్న డబ్బా బొమ్మ, డబ్బా నిండా చుక్కలు.

"ఎవురప్పా దీనికి బొట్టు పెట్టింది?"

కారు హరినాథ్‌ది. తిరుచానూరులో లాడ్జి నడుపుతాడు. అతను తల గోక్కున్నాడు. "మాయమ్మ. దీపం ఎలిగినప్పుడల్లా గుండె దడగా ఉండాదంటే, కనపడకపోతే దడెందుకొస్తాది రా అని అంటించేసింది."

"మంచి పనే. జ్వరమొచ్చినోడి దగ్గర థర్మామీటరు దాసిపెట్టినట్టు."

మెకానిక్ షెడ్డులో అందరూ నవ్వారు. ఓబయ్య ఆ బిళ్లను పారేయలేదు. ఆడమనిషి పెట్టిన బొట్టు కదా అని అద్దం అంచుకు అంటించాడు.

డీజిలు కారు పొగగొట్టంలో మసిని పట్టుకునే జల్లెడ ఒకటి ఉంటుంది. లాడ్జి నుంచి గుడికి, గుడి నుంచి అంగడికి తిరిగే కారుకు ఎన్నడూ ఒళ్లు వెచ్చబడదు. మసి కాలదు, జల్లెడ పూడుకుపోతుంది, దీపం వెలుగుతుంది. మందు ఒక్కటే. పెద్ద రోడ్డెక్కించి, ఆపకుండా, వేగం తగ్గకుండా పరుగెత్తించాలి. ఆ వేడికి మసి దానంతటదే కాలిపోతుంది. నడుమ ఆపితే సగం ఉడికిన అన్నాన్ని పొయ్యి మీంచి దించినట్టే. కార్లున్న వాళ్లకు అంత తీరిక ఉండదు. ఓబయ్యకు తీరిక తప్ప మరోటి లేదు. మునస్వామి షెడ్డులో ఆయన కొలువే అది. వాళ్లు దానికి పెట్టుకున్న పేరు మసి తిప్పుడు.

లారీలు తోలి తోలి మోకాళ్లు అరిగాక, భార్య పోయాక, ఆయన ఈ పనిలో కుదురుకున్నాడు. తిరుపతిలో డబ్బున్నవాళ్ల కార్లన్నీ ఎక్కాడు. ఏ కారులోనూ ఎక్కడికీ పోలేదు. కాళహస్తి గోపురం కనిపించగానే బండి వెనక్కి తిప్పేవాడు. ఇన్నేళ్లలో ఆ ఈశ్వరుడికి దండం పెట్టింది వెనక అద్దంలో చూసే.

"అన్నా," అన్నాడు మునస్వామి, ఆయన ముఖంలోకి చూడకుండా. "ఈ ఒక్కటీ తిప్పుకొచ్చెయ్. రేపట్నించి వొద్దులే." అతని చేతి కింద కొత్త పెట్టె ఉంది. దానికి వైర్లున్నాయి. "దీన్ని తగిలిస్తే బండి నిలబడిన తావునే మసి కాలిపోతాది. నువ్వు మాత్రం రోజూ రా. కూసో, టీ తాగు. ఎవురొద్దన్నారు?"

"టీ మీద కూసునేదానికి నేనెందుకు రా, ఈగలుండాయి గదా."

వైరింగు పని చేసే జోయల్ నవ్వలేదు. "మరి మా వదినకు ఏం చెప్తావన్నా?" అన్నాడు మెల్లిగా.

ఓబయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. బండి కదిలింది.

వదిన అంటే ఏర్పేడు దాటాక రోడ్డు పక్కన జామకాయలమ్మే మనిషి. కాళహస్తికి పోయేటప్పుడు డివైడరు అవతల ఉంటుంది, వచ్చేటప్పుడు పక్కనే ఉంటుంది. ఆయన హారను కొడతాడు. రెండు పొట్టివి, ఒక పొడుగుది. ఆమె ఈగలు తోలే తాటాకు విసనకర్ర ఎత్తి ఊపుతుంది. అంతే పరిచయం. ఆ వేగంలో ముఖం కనబడదు. పేరు తెలియదు గనక ఓబయ్యే అలివేలమ్మ అని పేరు పెట్టుకున్నాడు, విశాలమైన ముఖమూ ముక్కుపుడకా కూడా పెట్టుకున్నాడు. షెడ్డులో చెప్పేటప్పుడు ఆ విసనకర్ర ఇంకా పెద్దదయ్యేది. "ఆమె గట్టిగా ఊపితే రేణిగుంటలో దిగాల్సిన ఇమానం మద్రాసులో దిగతాది రా" అనేవాడు.

పోయేటప్పుడు ఆగడానికి లేదు, మసి కాలుతుంటుంది. వచ్చేటప్పటికి దీపం ఆరిపోయి ఉంటుంది. అప్పుడు ఆగడానికి అడ్డమేమీ లేదు. అడ్డమల్లా సిగ్గే. ఆగి ఏం చెప్పాలి? జామకాయలు కావాలని చెబితే అబద్ధం. ఆయనకు కింద పళ్లు లేవు.

రేణిగుంట దాటాక కాలు నొక్కి పట్టాడు. ఎండ రోడ్డు మీద నీళ్లలా మెరుస్తోంది. కొంతసేపటికి ఇంజను గొంతు మారింది, కాలిన వాసన సన్నగా లోపలికి వచ్చింది. పని మొదలైంది. దూరాన గోనెపట్టా పందిరి కనిపించగానే చెయ్యి దానంతటదే హారను మీదికి పోయింది. రెండు పొట్టివి, ఒక పొడుగుది. అవతలి పక్క విసనకర్ర లేచింది, ఊగింది.

ఈ పూట ఆగాలి అనుకున్నాడు ఓబయ్య. రేపు రానని చెప్పాలి. చెప్పకపోతే ఆమె ఎన్నాళ్లు చెవి అటు వేసుకుని కూర్చుంటుందో.

గోపురం కనిపించింది. తిప్పాడు. దండం పెట్టాడు. సగం దారిలో దీపం ఆరింది. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, అద్దంలో చూసుకుని, ఉన్న నాలుగు వెంట్రుకలూ వేళ్లతో సర్దుకున్నాడు. పెళ్లిచూపులకు పోయిన నాడు కూడా ఇంత ముస్తాబు కాలేదు.

మసి కాలిన బండి అడుగున నిప్పుల కుంపటే. ఎండుగడ్డి మీద నిలిపితే అంటుకుంటుంది. పందిరి ముందు గడ్డి ఉందని, హారను కొట్టి, దాటి ముందుకు పోయి, కంకర నేల చూసి ఆపాడు. మోకాళ్లు పట్టుకుని వెనక్కి నడిచాడు.

విసనకర్ర పట్టుకుని లేచి నిలబడిన మనిషికి ముప్పై ఏళ్లుంటాయి. ముక్కుపుడక లేదు.

"ఈడ... పెద్దామె ఉంటాది గదమ్మా?"

ఆ పిల్ల ఆయన్నీ, దూరాన మెరుస్తున్న కారునూ చూసింది. "హారను కొట్టేది మీరేనా సామీ!" అంది. కూర్చున్న గోనెసంచి దులిపి, ఆయనకు వేసింది. "మాయత్త. ఉగాదికి ముందర పోయింది సామీ. మంచాన పడినాక గూడా అదే మాట. ఆయప్ప హారను కొడతాడే, ఎవురో ఒకరు ఊపండే, పలక్కపోతే బాగుండదు అని. అప్పట్నించి నేనే ఊపతా ఉండాను."

ఓబయ్య గోనె మీద కూర్చోలేదు. ఉగాది పోయి, మామిళ్లు పోయి, వానలు కూడా వచ్చి పోయాయి. ఇన్నాళ్లూ తాను పలకరించింది ఈ పిల్లనా?

"పేరేంది, ఆమెది?"

"నాగులమ్మ."

నాగులమ్మ. నోట్లోనే అనుకుని చూశాడు. కొత్త చెప్పులా ఎక్కడో ఒరుసుకుంది.

"శానా చెప్పేది సామీ మీ గురించి. దినానికొక కారు, ఒకసారి తెల్లది, ఒకసారి ఎర్రది, అంత సావుకారు మనకు హారను కొడతాడే అని ఊరంతా చాటేది. ఎప్పుడన్నా ఆగుతారేమోనని మంచి కాయ ఒకటి ఎత్తి పక్కన పెట్టేది. పొద్దు గూకినాక మా పిల్లోళ్లు తినేవోళ్లు." ఆమె నవ్వింది, తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నిజంగా ఎన్ని కార్లు సామీ మీకు?"

ఓబయ్య హరినాథ్ కారు వైపు చూశాడు. ఒక ముసలామె ఊరంతా తిరిగి మాటలతో కట్టిన మేడ అది. కూలగొట్టడానికి ఆయన ఎవరు?

"లెక్క పెట్టలేదమ్మా," అన్నాడు.

ఆ పిల్ల పెద్ద కాయ ఏరి, తుడిచి, చేతిలో పెట్టింది. ఆయన రెండు చేతులా అందుకున్నాడు. విమానాలను మద్రాసుకు మళ్లించిన నోటి నుంచి రేపు రానన్న చిన్న నిజం పెగల్లేదు.

"పోయి రండి సామీ. హారను కొట్టండి, ఊపతాం లే. నేను లేకపోతే పిల్లోళ్లన్నా ఊపతారు."

నడిచి వచ్చి కారెక్కాడు. కాయను కొరకలేడు గనక పక్క సీటు మీద పెట్టాడు. అద్దం అంచున బొట్టుబిళ్ల అలాగే ఉంది. బండి కదిలించి, హారను నొక్కాడు. రెండు పొట్టివి. పొడుగుది ఎప్పటికన్నా పొడుగ్గా వచ్చింది.

వెనక అద్దంలో విసనకర్ర లేచింది, ఊగింది, కిందికి దిగింది. దాని అంచున కుట్టిన పాత చీర గుడ్డ, ఇందాక దగ్గర నిలబడి కూడా గమనించనిది, ఇప్పుడు ఊగుతుంటే కనిపించింది. బండి వంపు తిరిగేదాకా అది జామకాయల బుట్ట మీద ఉంది, మళ్లీ అందుకోవడానికి వీలుగా, పిడి రోడ్డు వైపుకు పెట్టి.