బీరు మడ్డి మాత్రలు

పెరట్లో మా కోళ్లు గోధుమరంగు బిళ్లలను పోటీపడి పొడుచుకు తింటున్నాయి. దగ్గరికి పోయి చూస్తే, బద్వేలు మిషను ఆసుపత్రిలో నా భార్యకు ఇచ్చిన మాత్రలు. గోడకు ఆనుకొని కూర్చున్న రత్నమణి నన్ను చూసి తల దించుకుంది.

"ఏమే, కడుపుతో ఉండేది నువ్వా, కోళ్లా?"

"నోట పెట్టుకోలేనయ్యా. సారాయి కాచే చోట పుట్టిన సరుకంట."

ఆమెకు ఏడో నెల. నాలుక ఎర్రగా పుండైంది. పెదవుల మూలలు చీలాయి. చిన్న బిందె ఎత్తినా ఆయాసమే. వరసగా వానలు తప్పడంతో జొన్న అంబలి, ఉప్పు, మిరపకాయ తప్ప మరొకటి ఎరగం. ఉన్న నాలుగు గుడ్లూ సంతకు పోతాయి. ఆసుపత్రిలో నర్సు ఆనందమ్మ ఆమె కనురెప్ప విప్పి చూసి, "ఒంట్లో రక్తం లేదమ్మా. పప్పులో, గుడ్డులో, తవుడులో బి విటమిన్ అనే సత్తువ ఉంటుంది. అది లేకనే నీకిట్లయింది. కాన్పు దాకా ఇవి మింగు. లేకుంటే నీకూ బిడ్డకూ గండమే" అని చెప్పింది.

దేంతో చేస్తారని రత్నమణి అడిగింది. ఆనందమ్మ దాచకుండా చెప్పింది. బీరు తయారుచేసే తొట్టి అడుగున దిగిన మడ్డిని ఎండబెట్టి చేస్తారట. మత్తు రవ్వంత కూడా ఉండదట.

అక్కడే చిక్కు పడింది. నిరుడు మా ఏసు గుడిలో సంఘమంతా లేచి, కుడిచెయ్యి ఎత్తి, కల్లు గానీ సారాయి గానీ వాటి సంబంధమైనది ఏదైనా గానీ నోట పెట్టమని ప్రమాణం చేశాం. రత్నమణి తండ్రి తాగి తాగి చచ్చిపోయినవాడు. ఆ రోజు అందరికంటే ముందు లేచిన చెయ్యి ఆమెదే.

సంఘపెద్ద గాబ్రియేలు మామ దగ్గరికి పోయాను. అరుగు మీద కూర్చొని అంబలి తాగుతున్నాడు.

"మామా, మందుకు కూడా ప్రమాణం అడ్డమా?"

"మందని మొదలుపెట్టి ఎంతమంది తాగుబోతులైనారో నీకు తెలీదా, లేవీ?"

"దీంట్లో మత్తు లేదంట."

"పుట్టింది యాడప్పా? బీరు తొట్టిలో. పులిసిన మడ్డి!"

"నువ్వు తాగుతాండేది కూడా రాత్రంతా పులిసిందే కదా మామా. నురుగు మీసానికే ఉండాది."

మీసం తుడుచుకున్నాడు గానీ నవ్వలేదు. "ఎగతాళి చేస్తాండావా? సంఘం ముందర చేసిన ప్రమాణం నేనొక్కణ్ణి ఎట్ల విప్పేది? పండక్కి పాదిరి అయ్య వస్తాడు, అడుగుదాం."

"పండగలోపలే కాన్పు. అంతవరకు ఆమె ఉండొద్దా?"

మామ మళ్లీ అంబలి ఎత్తుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. "అయితే మా ఇంటికి రా. ప్రమాణం నిలబెట్టుకొని చచ్చిపొమ్మని నీ నోటితోనే ఆమెకు చెప్పు" అన్నాను.

వచ్చాడు. పెద్దవాణ్ణి చూసి లేవబోయి, లేవలేక, రత్నమణి మళ్లీ గోడకు జారగిలబడింది. ఆ నాలుకను చూశాక ఆయన గొంతు తగ్గింది.

"తిను తల్లీ. పాపముంటే నా మీద వేసుకుంటా."

"చెయ్యెత్తింది నేను మామా. నీ మీద ఎట్ల పడుతుంది? సంఘం ముందరే విడిపించండి."

 ఇంత చిక్కు దేవుడు అడిగాడా, మనమే అల్లుకున్నామా?

ఆదివారం ఆమెను నులకమంచం మీద గుడికి మోసుకుపోయాం. గాబ్రియేలు మామ సంగతి చెప్పి, ఒప్పుకునేవాళ్లను చేతులెత్తమన్నాడు. నాలుగైదు చేతులు లేచాయో లేదో, మగవాళ్ల వరసలోనుంచి లాజరు నిలబడ్డాడు.

"ఈ పొద్దు మాత్ర అంటారు. రేపు నడుమునొప్పికి నేను ముంతడు కల్లు అడిగితే?"

"నీ నడుమునొప్పి మాకు తెలీదా!" అని ఆడవాళ్ల వైపునుంచి మా పెద్దమ్మ అంది.

నవ్వులు లేచాయి. లేచిన చేతులు దిగిపోయాయి. ఆడవాళ్ల చేతులు లెక్కలోకి వస్తాయా అని ఒకరు, వచ్చే వారం చూద్దామని ఇంకొకరు. మంచం మీద ఆమె రొప్పుతూనే ఉంది. గుడి కాబట్టి ఊరుకున్నాను గానీ, పళ్లు నూరుకొని దవడలు నొప్పెట్టాయి.

"ప్రభువా" అంది రత్నమణి. గొంతు చిన్నదే అయినా అందరూ ఆగారు. "నేను నీకే చెయ్యెత్తినా. నిన్నే అడుగుతాండా. బిడ్డ కోసరం ఇది తింటా."

కాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత నావైపు చెయ్యి చాచింది. వెంట తెచ్చిన సీసా వంచి, మిగిలిన మాత్రల్లో ఒకటి వేశాను. నమిలి ముఖమంతా ముడిచింది.

"ఇంత చేదా! దీనికోసమా మా నాయన ఇల్లు గుల్ల చేసింది!"

గాబ్రియేలు మామ తానే లేచిపోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. సంగతి ఇంకా తేలలేదని లాజరు అంటూనే ఉన్నాడు. మామ అది వినకుండా కీర్తన ఎత్తుకోమన్నాడు.

అందరూ పాడుతున్నారు. నేను మాత్రం పాడలేదు. కోళ్లు తిన్న మాత్రలు, పోయిన రోజులు, లేచి దిగిన చేతులు, అన్నీ లెక్కపెట్టుకుంటున్నాను.

రత్నమణి నా చొక్కా అంచు లాగింది. "పాడయ్యా. నాకు ఊపిరి చాలదు."

పాడాను. కోపం మాత్రం పోలేదు.