స్టేషన్‌లో మిగిలిన రెండు కాగితాలు

ఫోన్ మోగేసరికి నేను ఆమ్లెట్ కోసం గుడ్లు గిలకొడుతున్నాను.

"మార్విక్ గారేనా? మంత్రిగారి ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం. మేడమీద రెండు గదులు కట్టుకోవడానికి మీరు పెట్టిన దరఖాస్తు మంజూరైంది. మీ దంపతులకు శుభాకాంక్షలు చెప్పమన్నారు మంత్రిగారు."

నాలుగుసార్లు థాంక్స్ చెప్పాను. గుడ్డుసొన కారుతున్న చెంచా చేతిలో ఉండగానే మేడ మెట్లెక్కేశాను. అక్కడ మా ఆయన సావియో దుప్పట్లు ఆరేస్తున్నాడు. సంగతి చెప్పగానే నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. బట్టలకు పెట్టే క్లిప్పులు నేలమీద వరసగా పేర్చి ఇది గోడ, ఇది తలుపు అన్నాడు. మంచం పడుతుందో లేదో చూద్దామని నేను ఆ గోడల మధ్య వెల్లకిలా పడుకున్నాను. పట్టింది. పక్కన చిన్న బల్లకు చోటు కూడా మిగిలింది.

మా పెళ్లయి ఏడు వారాలు. ఇప్పటిదాకా మా కాపురం సావియో చిన్నప్పటి గదిలోనే. రెండు ఒంటిమంచాలు కలిపి, మధ్య సందులో దుప్పటి మడిచి కూరాం. గోడ అవతల అత్తయ్య గది. మేం నవ్వితే అక్కడ జపమాల ప్రార్థన చెప్పే రేడియో గొంతు పెంచుతుంది. అందుకని ఈమధ్య దిండులో మొహం పెట్టుకుని నవ్వడం నేర్చుకున్నాను. అదీ బాగానే ఉంటుంది, కాదనను. కానీ మేడమీద మాకో తలుపుంటే, ఆ తలుపుకో గడియుంటే అనుకోని రోజు లేదు.

సావియో ఉన్నట్టుండి క్లిప్పులు ఏరడం మొదలుపెట్టాడు.

"అనుమతిచ్చేది ప్లానింగ్ ఆఫీసు కదా. మంత్రి ఎందుకు ఫోన్ చేయించాడు?"

"మంచివాడేమో."

"దరఖాస్తు పెట్టిన ఏడాదిన్నరగా లేని మంచితనం ఎన్నికలకి మూడు వారాల ముందొచ్చిందా?"

నేను పడుకున్నచోటి నుంచి లేవలేదు. లేస్తే పేర్చిన గదులు చెదిరిపోతాయనిపించింది.

మాల్టాలో మనిషి పుట్టకముందే రంగు ఖాయమవుతుంది. మా పుట్టింటివాళ్లు ఎర్రపార్టీ. నాన్న నన్ను భుజాలమీద ఎక్కించుకుని ఊరేగింపుల్లో తిప్పేవారు. సావియో వాళ్లది నీలంపార్టీ. వాళ్ల హాల్లో యేసు పటం పక్కనే పార్టీ నాయకుడి పటం ఉంటుంది, దీపం మాత్రం ఒక్కటే. మా పెళ్లిలో గొడవలు రాకూడదని పువ్వులు, రిబ్బన్లు, కేకు, అన్నీ తెల్లవే తెప్పించాం. అయినా ఎవరి టై ఏ రంగులో ఉందో అందరూ చూస్తూనే ఉన్నారు.

పెళ్లయ్యాక నాలుగు రోజులు పక్కనున్న గోజో దీవికి వెళ్లాం. తిరిగొస్తుంటే పడవలోంచి మా ఊరు కనిపించింది. ఊరు అంటే, ఊరిముందు లేచిన ఎనిమిదంతస్తుల భవనం. ఆ చోటు పొలంగా ఉండగా నీలంపార్టీ అయిదంతస్తులకు ఒప్పుకుంది. తర్వాత గద్దెనెక్కి ఇప్పటికీ దిగని ఎర్రపార్టీ ఇంకో మూడు కలిపింది. దాంతో మా వీధికి సముద్రం కనిపించడం మానేసింది. పడవ రెయిలింగ్ పట్టుకుని ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం, ఈసారి రెండు పార్టీల్లో దేనికీ ఓటు వేయకూడదని. వేయడం దాకా ఎందుకు, ఓటరు పత్రమే తీసుకోకూడదని. అది లేనిదే ఓటు వేయనివ్వరు, పోలీసు ఇంటికొచ్చి ఎవరిది వాళ్ల చేతికే ఇస్తాడు. ఆయన వచ్చిన రెండుసార్లూ మేం మేడమీద నీళ్లట్యాంకు వెనక నక్కి నవ్వు ఆపుకున్నాం. దాంతో మా కాగితాలు పోలీసు స్టేషన్‌లోనే ఉండిపోయాయి. తీసుకోవడానికి రేపే ఆఖరిరోజు.

సాయంత్రం నాలుగింటికి చెన్సు బాబాయి బాదం బిస్కెట్ల డబ్బా పట్టుకుని వచ్చారు. నాన్న స్నేహితుడు, మా వీధికి ఎర్రపార్టీ మనిషి ఆయనే. మా పెళ్లిలో అందరికంటే ఎక్కువసేపు డాన్స్ చేసిందీ ఆయనే. అత్తయ్య ఆయనతో మాట్లాడదు గానీ, ఇంటికొచ్చిన మనిషికి టీ ఇవ్వకుండా ఉండలేదు. నీలం కప్పు వెతికి మరీ ఇచ్చింది.

"పర్లేదు లూర్దెస్," అన్నారాయన, "ఏ కప్పులో పోసినా తాగుతా. నాకంత పట్టింపు లేదు."

అత్తయ్య వంటింట్లోకి వెళ్లిపోయింది. తలుపు మాత్రం వెయ్యలేదు.

"ఏమ్మా మార్విక్, ఫోనొచ్చిందా?"

"వచ్చింది బాబాయ్. మీరేనా చెప్పించింది?"

"నేనెవర్ని తల్లీ? మీ నాన్న నెలన్నరగా పార్టీ క్లబ్బులో నా పక్కనే కూర్చుని ఒకటే గోల. పిల్ల ఇరుకులో ఉంది, పిల్ల ఇరుకులో ఉంది అని. నా చెవి వాచిపోయి పైవాళ్ల చెవిలో వేశా."

నేను అడగమనలేదు. నాన్న నాకు చెప్పనూలేదు.

ఆయన జేబులోంచి మడిచిన ఓటర్ల జాబితా తీసి మోకాలిమీద సాపు చేశారు. "ఈ వీధిలో నూట పన్నెండు ఓట్లు. నూట పదిమంది పత్రాలు తీసుకున్నారు. మంచం పట్టిన ఫిలుమెనా కూడా తీసుకుంది. మిగతా రెండూ ఎవరివమ్మా?"

"మావే."

"ఎవరికి వేస్తావని నేనడగను. నలభై ఏళ్లుగా ఎవర్నీ అడగలేదు. అది స్టేషన్‌లో ఎందుకుందనే అడుగుతున్నా."

"ఈసారి ఎవ్వరికీ వేయదల్చుకోలేదు బాబాయ్."

ఆయన నా మొహంలోకి జాలిగా చూశారు. "ఒంట్లో బాగుందా? విశేషమేమన్నా ఉందా? అప్పుడు ఇలాగే మనసు నిలకడగా ఉండదులే."

"అదేం కాదు."

"వాళ్లకి వేస్తానను, నాకు కోపమొస్తుంది, కానీ అర్థమవుతుంది. అసలు ఎవరికీ వేయకపోవడమేంటి? ఇలాంటిది మీ ఇంట్లో ఎప్పుడన్నా చూశావా?" ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. కాస్త బెదిరించినా తిరగబడేదాన్ని. టీ పూర్తిచేసి, కప్పు జాగ్రత్తగా బల్లమీద పెట్టి లేచారు. "అనుమతొచ్చినా అభ్యంతరాలకి ముప్పై రోజులుంటాయమ్మా. ఎవరన్నా ఒక్క ఉత్తరం రాసి పడేస్తే మళ్లీ మొదటికొస్తుంది. రాయకుండా నేను చూసుకుంటాలే. స్టేషన్ రేపు పొద్దున ఎనిమిదింటికి తెరుస్తారు." గుమ్మం దగ్గర సావియో భుజం తట్టారు. "నీ ఓటు జోలికి నేను రాను బాబూ. అది ఈ ఇంటిది."

ఆయన మలుపు తిరిగారో లేదో అత్తయ్య హాల్లోకి వచ్చింది.

"వాళ్ల మంత్రి గదులు కట్టుకోమన్నాడటగా? ఎక్కడ, గాల్లోనా? మేడ నాది."

"అమ్మా, రేపు పదింటికి నోటరీ దగ్గరికి వస్తానన్నావుగా, మేడ మా పేర రాయడానికి," అన్నాడు సావియో.

"వస్తాను. నీ పత్రం తెచ్చి ఈ బల్లమీద పెట్టు, చూసి వస్తాను. మీ నాన్న పోయేముందు ఆసుపత్రి నుంచి చక్రాల కుర్చీలో వెళ్లి వేసొచ్చాడురా. ఆయన కట్టిన ఇంటిమీద ఓటు లేనివాడు గది కడతాడా?" ఆమె కళ్లు తుడుచుకుని వెంటనే మామూలుగా అయిపోయింది. "అయినా ఆ అనుమతి వాళ్లిచ్చిందనుకుంటున్నారా? మన పార్టీ ఎంపీ డాక్టరుగారు పార్లమెంటులో ప్రశ్న వేస్తాననేసరికి జడిసి ఇచ్చారు."

"మరి నా పత్రం అత్తయ్యా?"

"నీది నాకెందుకమ్మాయ్? నీది మీ నాన్నది. నాకు నా కొడుకుది చాలు."

ఎండ తగ్గాక ఇద్దరం మేడమీదికి వెళ్లాం. దుప్పట్లు ఆరిపోయాయి. అనుమతి ఎర్రవాళ్ల చేతిలో, మేడ నీలంవాళ్ల చేతిలో ఉన్నాయి. ఒకటి లేకుండా రెండోది ఎందుకూ పనికిరాదు.

"తీసుకుందాం," అన్నాడు సావియో. "తీసుకుని, ఏ పార్టీ లేకుండా నిలబడ్డ ఆ భూగోళం మాస్టారికి వేద్దాం. సైకిలుమీద తిరిగి ఒక్కడే ప్రచారం చేసుకుంటున్నాడు పాపం."

"ఓట్లు లెక్కపెట్టేచోట అద్దం అవతల నుంచి రెండు పార్టీలవాళ్లూ ఏ పెట్టెలో ఎవరికెన్నో రాసుకుంటారు. పోయినసారి మన పెట్టెలో మాస్టారికి రెండు. ఒకటి ఆయనది, ఒకటి వాళ్లావిడది. ఈసారి నాలుగొస్తే ఆ కొత్త రెండూ ఎవరివో మధ్యాహ్నానికల్లా బేకరీలో చెప్పుకుంటారు."

"ఖాళీగా వేస్తే?"

"చెల్లని ఓట్లలో కలిపేస్తారు. పేరు పక్కన ఒకటి అంకె వేయడం కూడా రాలేదా, నీ డిగ్రీ ఎందుకూ అంటారు నాన్న."

సావియో నవ్వాడు. నేనూ నవ్వాను. మేడమీద దిండు అక్కర్లేదు కాబట్టి బాగా గట్టిగానే నవ్వాం. తర్వాత ఇద్దరం ఎదురుగా ఉన్న ఎనిమిదంతస్తులకేసి చూస్తూ కూర్చున్నాం. అంత దిగులులోనూ నా బుద్ధి గదుల చుట్టూనే తిరుగుతోంది. కిటికీకి పసుపురంగు వేద్దామా, సింకు ఏ మూల పెడదామా అని. నామీద నాకే సిగ్గేసింది. ఆ సిగ్గు సింకు మాటను మాత్రం మరిపించలేదు.

"కట్టుకోకుండా ఉండగలమా?" అడిగాడు సావియో. "అద్దె ఇల్లు చూసుకుంటే?"

మేం వారం వారం చూసే ఇళ్ల ప్రకటనలు తనకీ తెలుసు. వాటిలో మాకు అందే అద్దె ఇంతవరకూ ఒక్కటీ లేదు.

"నువ్వు నీలానికి, నేను ఎరుపుకి," అన్నాను చివరికి. "చెన్సు బాబాయికి నాది లెక్క, అత్తయ్యకి నీది లెక్క."

"అయితే నీది నాది కొట్టేసుకుంటాయి. అసలు వేయనట్టే."

"వేయనప్పుడు ఇద్దరం ఒక పక్క ఉన్నాం సావియో."

అతను నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. కింద అత్తయ్య రేడియో పెట్టింది. ఎవరో ఒకరు ముందు అనాలి కదా, నేనే అన్నాను.

"రేపు ఎనిమిదింటికి నేను ముందు వెళ్తాను, ఎర్ర క్లబ్బు ముందు నుంచి. బాబాయి కాఫీ తాగేది అక్కడే, చూస్తారు. నువ్వు పావుగంట ఆగి చర్చి పక్కనుంచి రా, నీలం క్లబ్బు వాళ్లకి కనపడేలా. స్టేషన్‌లో కలిస్తే పలకరించుకోవద్దు. తీసుకుని నేరుగా ఇంటికొచ్చి నీ కాగితం బల్లమీద పెట్టు. తొమ్మిదిన్నరకి అత్తయ్యని తీసుకుని నోటరీ దగ్గరికి వెళ్దాం."