ఒక్క ముక్కా పోని పెట్టె

వీధిలో మగ్గాలు ఆగిపోయాయి. భావనారాయణ ఇల్లిల్లూ తిరిగి చెప్పివచ్చాడు. "మా రాజ్యశ్రీకి ఫోన్లో ఇంటర్వ్యూ. ఇదే ఆఖరుది. మగ్గాల మోత వినపడితే బాగుండదు, కాసేపు ఆపండి."

ఎదురింటి సుబ్బరత్నం ఊరుకుంటుందా! "పిల్లకి ఉద్యోగమొస్తే మాకేం పెడతావ్ అన్నయ్యా?"

"బందరు లడ్డు."

"నీ చేతిలోంచి లడ్డు రాలడమే! అదీ చూద్దాం" అంటూ మగ్గం గుంటలోంచి పైకి లేచింది.

ఉయ్యూరు దాటాక ఉన్న ఆ నేతవీధికి నెట్టు లైను ఒక్కటే. దాన్ని ఇళ్ళకు పంచే పెట్టె భావనారాయణ మగ్గం గదిలో గోడకుంది. ఆ పెట్టెను ఎంచిందీ ఆయనే. పాతదానితో షావుకార్లకు పంపే చీరల వీడియోలు సగంలో తెగుతున్నాయని వీధంతా గోలపెడితే, కేబుల్ సురేష్ రెండు పెట్టెలు తెచ్చి చూపించాడు.

"ఈ చిన్నది వీడియో ముక్కలతో నిండితే మిగిలినవి పారేస్తది బాబాయ్. ఈ పెద్దది గాదె లాంటిది. ఏదీ పారెయ్యదు, వరసలో నిలబెట్టి పంపుద్ది."

తెగిన పోగును తెగినట్టు వదిలెయ్యడం నేతగాడి వల్ల కాదు. ముడి వేస్తేగానీ చెయ్యి ముందుకు పోదు. "ఒక్క ముక్కా పోకూడదురా. పెద్దదే పెట్టు" అన్నాడు.

రాజ్యశ్రీ ఆ మగ్గం గదిలోనే స్టూలు మీద ఫోను నిలబెట్టి కూర్చుంది. తండ్రి అరుగు మీద నుంచి వింటున్నాడు. మొదట బాగానే నడిచింది. ఆ తర్వాత మాట తడబడింది. పిల్ల జవాబు చెప్పి ఆగుతుంది, అవతల ఉలుకూ పలుకూ ఉండదు. "వినపడుతోందా అండీ?" అనేసరికి ఇంకో ప్రశ్న వచ్చి మీద పడుతుంది.

భావనారాయణ వీధిలోకి చూశాడు. చేతులు ఖాళీ అయితే జనం ఊరికే కూర్చుంటారా? సుబ్బరత్నం చీర పరిచి వీడియో తీస్తోంది. పక్కింట్లో అదే పని, ఆ పక్కింట్లోనూ అదే. షావుకార్లకు అందరూ ఒక్కసారే పంపుతున్నారు.

ఆయన సురేష్‌కు ఫోన్ చేశాడు. "ఒరే, పిల్ల మాట ఆలస్యంగా పోతోందిరా."

"వీధంతా పంపుతుంటే అంతే బాబాయ్. ఒక్క ముక్కా పోలేదు, అన్నీ వెళ్తున్నాయి. అమ్మాయి మాటా ఆ వరసలోనే ఉంది, చీరల వెనకాల."

"ముందుకు లాగరా."

"నా చేతుల్లో లేదు. పాతదైతే నిండగానే పారేసేది. పోయిందని తెలిసి వాళ్ళ ఫోన్లే నెమ్మదించేవి. ఇది ఏదీ పారెయ్యదాయె, వాటికెట్టా తెలుస్తది? ఓ పని చెయ్యి. పెట్టెకున్న వైర్లలో మీది ఉంచి మిగతావి పీకెయ్."

భావనారాయణ ఫోను చెవిన పెట్టుకునే పిల్లిలా లోపలికి నడిచి, కూతురి వెనక్కి చేరాడు. వైర్లన్నీ ఒకటే రంగు. తమది పీకితే పిల్ల మాటే తెగిపోతుంది. "ఏదిరా మాది?" అన్నాడు, గొంతు తగ్గించి.

అప్పుడే స్టూలు మీది ఫోన్లోంచి, ఇంటర్వ్యూ చేస్తున్న మేడం గొంతు వచ్చింది. "ప్రతి జవాబుకీ ముందు ఆగుతున్నారు. పక్కన ఎవరైనా అందిస్తున్నారా? ఫోను తిప్పి ఒకసారి గది చూపించండి."

"ఎవరూ లేరండీ" అంటూ రాజ్యశ్రీ ధీమాగా ఫోను తిప్పింది. తెర మీద తండ్రి కనిపించాడు. గోడ పక్కన వంగి, చెవిన ఫోనుతో గుసగుసలాడుతున్న మనిషి.

ఆయన నిటారుగా లేచాడు. "నేనేం చెప్పలేదండీ తల్లీ! వైరు కోసం..."

మేడం కదల్లేదు. ఆ మాట ఇంకా ఆమెకు చేరలేదు. చీరల వెనకాల ఎక్కడో నిలబడి ఉంది. భావనారాయణ చేతులు జోడించి నిలబడ్డాడు. అదీ చేరలేదు; ఆమెకింకా గోడ పక్కన వంగిన మనిషే కనిపిస్తున్నాడు.

"థాంక్యూ రాజ్యశ్రీ" అంది మేడం. తెర నల్లబడింది.

పిల్ల ఫోను ఒళ్ళో పెట్టుకుంది. తండ్రి వంక చూడలేదు.

"అన్నయ్యా, అయిందా?" సుబ్బరత్నం వీధిలోంచి కేకేసింది. "గుంటలోకి దిగమంటావా?"

భావనారాయణ గడప దాకా వచ్చాడు.

"దిగండి."

మగ్గాలు ఒక్కొక్కటే మొదలయ్యాయి.