తెగిన అంచు

పదిన్నర కొట్టేసరికే కత్తెర బాబాయ్ మూడు పొట్లాలకు ఒళ్ళు తగ్గించాడు. మొదటిది చెవిదుద్దుల జత. అట్టపెట్టె ఊడదీసి, రెండు పాత కార్డుల మధ్య దూదిలో పడుకోబెట్టాడు. పార్సిల్‌గా వచ్చింది ఉత్తరంగా వెళ్ళింది. రెండోదానికి ఒంటినిండా చుట్టిన టేపు ఒలిచి, జిగురు రాసి అతికించాడు. మూడోదాంట్లో చంటిబిడ్డ మేజోళ్ళు. వాటికేం బరువు, బరువంతా ప్లాస్టిక్ డబ్బాదే!

పోస్టాఫీసు హాల్లో స్టాంపుల కిటికీ పక్క బెంచీ ఆయనది. ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ లేపలేదు. నలభై ఏళ్ళు బైండింగు షాపులో పుస్తకాల అంచులు కోసి కోసి కుడి బొటనవేలు కాయ కాచిపోయింది. కవరు అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకుంటే గ్రాము తేడా రాకుండా చెప్పేవాడు. ఇరవై గ్రాములు దాటితే స్టాంపు రెట్టింపు. జనం ఆ రెట్టింపు కడుతుంటే ఆయన ప్రాణం ఉసూరుమనేది. పుచ్చుకునేది ఓ కప్పు టీ.

ఒకటే నియమం, లోపలి రాత చదవడు. పసిపిల్లాడికున్నంత కుతూహలం ఉన్న మనిషి కాబట్టే ఆ నియమం పెట్టుకున్నాడు. లేకపోతే ఊరందరి సంగతులూ ఆయన కడుపులోనే ఉండేవి. పైనున్న చిరునామా మాత్రం ఒకసారి చూస్తే మరిచిపోయే రకం కాదు.

పదకొండింటికి ఒక పెద్దావిడ వచ్చింది. మెడలో తాడుకి కళ్ళజోడు, చేతిలో చిరునామా రాసిన కవరు, అందులో మడత పెట్టిన మందపాటి కార్డు.

"ఇరవయ్యొకటి," అన్నాడు బాబాయ్, కళ్ళు మూసుకుని.

"ఒక్క గ్రాముకి రెట్టింపు కట్టాలా? నేను కట్టను. మా చెల్లెలు నాతో మాట్లాడి ఆరేళ్ళయింది. దీనికి కదిలిందా సరే. కదల్లేదా, ఇక మేమిద్దరం ఇంతే. మళ్ళీ రాయను."

"అంచుదాకా రాశారా?"

"లేదులేవయ్యా, కోసెయ్యి."

మడత విప్పకుండానే ఉక్కు స్కేలుతో గీత పెట్టి, కత్తెరతో వేలి వెడల్పున అంచు కోసేశాడు. ఆవిడ కార్డుని కవర్లో పెట్టి అక్కడే అతికించి, స్టాంపు వేసి, పోస్టు డబ్బాలో పడేసి వెళ్ళింది. పన్నెండింటికి టపా సంచీ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ముక్కలు ఊడుస్తుంటే ఒక అంచు కంటపడింది. దాని మీద ఊదా సిరాతో ఒక అక్షరం, పక్కన చుక్క.

'లి.'

బాబాయ్ చీపురు కింద పెట్టేశాడు. నలభై ఏళ్ళలో ఒక్క అక్షరం కోసి ఎరగడు. చుక్క ఉందంటే వాక్యంలో ఆఖరి మాట. ఏ మాట? ఆకలా, చలా, జాలా? కౌగిలి అనిపించేసరికి ఆయనకే సిగ్గేసింది.

"అమ్మాయ్, 'లి'తో అయిపోయే మాట ఒకటి చెప్పు," అన్నాడు కిటికీలోకి వంగి.

"పిల్లి," అంది స్టాంపులమ్మాయి.

"అది ల్లి కదే!"

"అయితే పులి."

"ఆరేళ్ళ తర్వాత చెల్లెలికి రాస్తూ పులంటుందా ఎవరైనా?"

నవ్వాడే కానీ ఆయనకు కుదురు లేదు. తన కత్తెర వల్ల ఆ అక్కాచెల్లెళ్ళు విడిపోతే? అన్నం డబ్బా కూడా విప్పలేదు. గుర్తున్న చిరునామా కవరు మీద రాసి, అంచుతోపాటు చీటీ పెట్టాడు. "అమ్మా, మీ అక్కగారి కార్డులోంచి ఇది తెగింది. తప్పు నాది. ఏ మాటదో మీకే తెలియాలి." సొంత డబ్బుతో స్టాంపు కొన్నాడు. ఇరవై గ్రాములకు కట్టి మూడు గ్రాములు పంపడం ఆయన జన్మలో అదే మొదలు. కాసేపు నడుం వాల్చి పోస్టు డబ్బాలో వేద్దామని గోడకి ఆనుకున్నాడు.

అయిదింటికి స్టాంపులమ్మాయి పిలిచింది. కునుకు తీస్తున్నాడనుకుంది. దగ్గరికెళ్ళి చల్లబడ్డ చెయ్యి ముట్టుకుని, అక్కడే కూలబడి ఏడ్చింది. ఆయన అరచేతి కింద ఉన్న కవరు తీసి సొరుగులో దాచింది. అది డబ్బాలో వెయ్యడానికి ఆ పిల్లకి చేతులు రాలేదు.

తర్వాతి సోమవారం పెద్దావిడ వచ్చింది, పక్కన అదే ముక్కున్న ఇంకో ఆవిడ.

"కత్తెరాయనేడమ్మా? మా చెల్లెలు వచ్చిందని చెప్పాలి."

స్టాంపులమ్మాయి సంగతి చెప్పింది. చిన్నావిడని పేరడిగి, సొరుగులోని కవరు ఆమె చేతికిచ్చింది. ఇద్దరూ బెంచీ మీద కూర్చుని విప్పారు.

"నువ్వు రాసింది 'ఆదివారం నువ్వు రావా' అనే కదక్కా?" అంది చెల్లెలు, అంచుని అటూ ఇటూ తిప్పుతూ. "అది చూసే బండెక్కాను. నాకు బుద్ధి తెలిశాక నువ్వు హుకుం చెయ్యకుండా నన్ను అడగడం అదే మొదటిసారి."

అక్క కళ్ళజోడు పెట్టుకుంది. ఊదా అక్షరాన్ని చాలాసేపు చూసింది.

"'రావాలి' అని రాశానే."

చెల్లెలు అంచుని బెంచీ మీద పెట్టింది.

"'రావా' అనే రాయాల్సింది," అంది అక్క.

చెల్లెలు లేచి అక్క మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. బెంచీ మీద, బాబాయ్ ఆనుకున్న గోడ పక్కన, ఒక అక్షరం, ఒక చుక్క ఉన్న కాగితపు అంచు మిగిలింది.