మోకాటి నీరు

వీధి పొడవునా బిగించి కట్టిన పడుగు నూలు మీద వజ్రమ్మ గంజి కుంచె నడుపుతోంది. గంజి మోచేతుల దాకా కారుతోంది. ఎండ ముదిరేలోగా నూలంతా తడపాలి. ఎడమ కాలు ముందుకు వేసినప్పుడల్లా మోకాటి మీద అంటించిన దూది పట్టీ చర్మాన్ని లాగుతోంది. అయినా ఆ కాలిని ఆమె ఆగనివ్వలేదు.

నిన్న తిరువళ్లూరు ఆసుపత్రిలో ఆ మోకాట్లోంచి సూదితో నీరు తీశారు. డాక్టరమ్మ దేవసేన సూది మొన నుంచి ఒక చుక్కను జారవిడిచి చూపించింది. అది తీగ సాగలేదు. నీటిబొట్టులా రాలిపోయింది.

"కీలులో నీళ్లు జిగటగా ఉండాలమ్మా. చుక్క తీగ మాదిరి సాగాల. వాపొస్తే ఆ జిగట పదార్థం ముక్కలై పలచబడతాది. అప్పుడు కీలు రాసుకుంటాది. ఇంక దినమంతా నడిచే పని మానుకో."

"గంజి పలచబడితే పారబోసి మళ్లీ కాస్తాము. దీన్నట్ల కాచేదానికి లేదా?"

డాక్టరమ్మ నవ్వలేదు. "లేదమ్మా. ఉండేదాన్ని కాపాడుకోవాల."

తిరుత్తణి దగ్గరి ఈ పొదటూరుపేటకు కోడలిగా వచ్చిన ఏడు నుంచి వజ్రమ్మ పడుగుల పక్కనే నడిచింది. కడుపుతో నడిచింది. మొగుడు పోయిన నెలలోనూ నడిచింది.

ఎండెక్కాక మగ్గాల యజమాని నటరాజన్ వచ్చాడు.

"అక్కా, వీధిలో వేసే పడుగు ఇదే కడాసి, దీంతో సరి. ఇంక గంజి పనంతా మిషన్‌కి ఇస్తా ఉండా. నువ్వు లోపల కుచ్చోని కండెలు చుట్టుకో."

"నా మోకాలు చెడిందనా?"

"కుంటతా ఉండావు కదక్కా."

"కుంటతా ఉండా. నిలిచిపోలేదు కదా. ఒక్క పోగైనా ఇంకోదానికి అంటుకోనుండాదేమో చూడు."

అతను వంగి నూలు మీద అరచెయ్యి నడిపాడు. ఏ పోగుకాపోగు విడిగా ఉంది.

"ఆరణిలో మా చెల్లెలుండాది. ఆడ ఇంకా వీధిలోనే గంజి పెడతారంట. పోతా," అంది వజ్రమ్మ.

"ఈ కాలుతోనా?"

"నాకు వేరే కాలుందా?"

పడుగు ఆరాక చుట్టి నటరాజన్ ఇంట్లో అప్పగించింది. చేతులు కడుక్కుని, గోడ పట్టుకోకుండా అరుగు దిగింది. బస్టాండు దాకా ఆగి ఆగి నడిచింది. ఎవరో బండి ఆపితే వద్దని చెయ్యూపింది. బస్సు మెట్టు ఎక్కేటప్పుడు మాత్రం కమ్మీని రెండు చేతులా పట్టుకుంది.

నటరాజన్ ఇంట్లో కండెలు చుట్టే రాట్నం ముందు, పొద్దున ఆమె కోసమని తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీ ఉంది. దాని కాళ్లకు చుట్టిన కాగితం ఇంకా విప్పలేదు.