ఎండ ఎరగని గది

మతిమరుపు జబ్బు అల్జీమర్స్ ముదిరిన అత్తగారిని కోడలే చూసుకుంటోంది. ఉన్నదొక్క పెద్ద గది. అందులోనే కోడలి కుట్టుమిషను, అందులోనే ముసలావిడ మంచం. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ. ఎండ ఎలా ఉంటుందో ఆ గదికి తెలీదు.

ఆడపడుచు మందుల షాపులో పనిచేస్తుంది. వారానికోసారి వచ్చి, వంకలు వెతికి, వెళ్తుంది. ఆ రోజు తల్లి రక్తపరీక్ష ఫలితం తెలుసుకుని మరీ వచ్చింది. గుమ్మంలోనే అందుకుంది.

"విటమిన్ డి అడుగంటిపోయిందట. చీకటికొట్లో పెట్టి మా అమ్మకి మతి పోగొట్టావు వదినా!"

"స్నానం నేను చేయిస్తున్నా, పక్కబట్టలు నేను మారుస్తున్నా. ఇన్నాళ్లూ నీ మతి ఎక్కడికి పోయింది?"

"ఒక్కనాడైనా ఎండలో కూర్చోబెట్టావా?"

"కూర్చోబెడితే వీధిలో చీర విప్పేస్తోంది. నువ్వొచ్చి పట్టుకో. ఒడ్డున కూర్చుని ఎన్నైనా చెప్పొచ్చు!"

"ఎవరమ్మా ఈ గయ్యాళి?" అంది ముసలావిడ, కూతురి వైపు వేలు చూపించి.

కోడలికి నవ్వాగలేదు. ఆ నవ్వు ఆడపడుచు గుండెల్లో ముల్లులా దిగింది.

డాక్టరు వారానికో మాత్ర రాశాడు. కోడలు తప్పకుండా వేస్తూనే ఉంది. అయినా ఆడపడుచుకి నమ్మకం కుదర్లేదు. షాపుకి వెళ్తూ రోజూ వచ్చి, తల్లికి పాలు తాగించే వంకతో షాపులోంచి తెచ్చిన అదే మాత్ర తనూ ఒకటి మింగించేది. ఎంత ఎక్కువ వేస్తే అంత త్వరగా అమ్మ తనని గుర్తుపడుతుందని ఆమె ఆశ.

కొన్ని వారాలకి ముసలావిడ తిండి మానేసింది. దాహం, వాంతులు. ఉన్న కాస్త మాటా తడబడింది.

"మందు వెయ్యకుండా చంపుతున్నావు!" అని ఆడపడుచు విరుచుకుపడింది.

చివరికి ముసలావిడ స్పృహ తప్పింది. ఆస్పత్రిలో రక్తం చూసి డాక్టరు నిలదీశాడు. "డి విటమిన్ మితిమీరి ఒంట్లో కాల్షియం పెరిగిపోయింది. ఎన్ని మాత్రలు వేశారు?"

"వారానికొకటే," అంది కోడలు.

ఆడపడుచు గోడవైపు తిరిగింది. "రోజూ నేనొకటి వేశాను."

"ఎవరు వెయ్యమన్నారు?"

"అది తగ్గడం వల్లే మతి పోయిందని..."

"తగ్గినవాళ్లలో ఈ జబ్బు ఎక్కువ కనిపిస్తోంది, నిజమే. కానీ అది తగ్గి జబ్బొచ్చిందో, జబ్బొచ్చి గడప దాటక అది తగ్గిందో ఇంకా తేలలేదు. ఎముకల కోసం ఇవ్వమన్నాను. పోయిన జ్ఞాపకాలు తెస్తుందని ఎవరు చెప్పారమ్మా?"

వరండాలోకి రాగానే కోడలు ఆమె జబ్బ పట్టుకుంది. "నన్ను హంతకురాలిని చేశావు కదే!"

"మా అమ్మ నన్ను గుర్తుపట్టాలనుకున్నాను. నీకేం, నిన్నే అమ్మా అంటోంది," అని చెయ్యి విదిలించుకుంది ఆడపడుచు.

ముసలావిడ బతికింది. ఇంటికొచ్చాక మునుపటికన్నా తక్కువ మాట్లాడుతోంది. ఆడపడుచు ఇప్పటికీ వస్తుంది. కోడలు ఆమె సంచి గుమ్మంలోనే బోర్లించి, ప్రతి వస్తువూ తిప్పి చూశాకే లోపలికి రానిస్తుంది. ఆడపడుచు పళ్లు కొరుక్కుంటూ నిలబడుతుంది.